హార్డ్ డిస్క్ పోయే ముందు ఏం చెబుతుంది? పసుపు రంగు కనిపిస్తే మొదట చేయాల్సిన పని ఇదే

మే నెలలో ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. "ఏమప్పా, కంప్యూటర్లో ఫోల్డర్ తెరిస్తే పది నిమిషాలు బిగుసుకుపోతాంది. లోపల అప్పుడప్పుడు టిక్కుమంటాంది. ఈడ రిపేరీ పిల్లోడు రాత్రంతా పెట్టి డిస్కు చెక్ చేస్తానంటాడు. ఇయ్యనా?"

"వద్దు మామా. ముందు షట్‌డౌన్ చెయ్. నేను వచ్చేదాకా ఆన్ చెయ్యొద్దు" అన్నాను.

మామ పట్టుచీరలకు డిజైన్లు వేస్తాడు. అంచు, కొంగు, బుట్టా అన్నీ కంప్యూటర్లో గడి గడిగా గీసి ఇస్తే, వాటి ప్రకారం జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. 2014 నుంచి గీసినవన్నీ ఒకే ఒక 1 టీబీ హార్డ్ డిస్కులో ఉన్నాయి. బ్యాకప్ లేదు. పాత డిజైన్ మళ్లీ కావాలని మగ్గం ఆయన వస్తే తీసి ఇచ్చేది ఆ డిస్కులోంచే. అది పోతే మామ పని మొదటికొస్తుంది.

"రాత్రంతా చెక్" అనే మాటకు నేనెందుకు భయపడ్డానో కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట నా పాత లాప్‌టాప్ డిస్కు ఇలాగే హెచ్చరిక ఇచ్చింది. బాగుచేద్దామని రాత్రంతా చెక్‌డిస్క్ నడిపాను. తెల్లారేసరికి డిస్కు కనిపించడమే మానేసింది. మా నాన్న గొంతు ఉన్న వీడియో ఒకే ఒకటి ఉండేది, అందులోనే పోయింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

డిస్కు ఇచ్చే సంకేతాలు

మనకు బయటికి తెలిసేవి ఇవి:

1. ఒకే ఫోల్డర్ దగ్గర కంప్యూటర్ ప్రతిసారీ బిగుసుకుపోవడం.
2. నిన్నటిదాకా తెరుచుకున్న ఫైల్ ఈరోజు తెరుచుకోకపోవడం, ఫైల్ పేర్లు గజిబిజిగా మారడం.
3. ఇంతకుముందు లేని టిక్ టిక్ శబ్దం, గీసుకున్నట్టు శబ్దం.
4. కంప్యూటర్ ఆన్ చేయగానే "స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అని రావడం.

నాలుగోదాన్ని ఒకసారి జాగ్రత్తగా చదవండి. ముందు బ్యాకప్, తర్వాత రీప్లేస్. అందులో రిపేర్ అన్న మాటే లేదు.

స్మార్ట్ రిపోర్ట్ చూడటం ఎలా?

ప్రతి హార్డ్ డిస్కు తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. నీలం రంగు ఉంటే బాగుంది, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం. అనుమానం ఉన్న డిస్కులో దీన్ని ఇన్‌స్టాల్ చేయకండి. ఇన్‌స్టాల్ అవసరం లేని జిప్ వెర్షన్ ఉంది, దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడపండి.

ఆ పట్టికలో చాలా వరుసలు ఉంటాయి. ముఖ్యంగా ఈ మూడు చూడండి:

- 05, రీఅలొకేటెడ్ సెక్టార్లు: పాడైన చోటును వదిలేసి, డిస్కు తన దగ్గరున్న అదనపు చోటు వాడుకున్న లెక్క.
- సీ5, పెండింగ్ సెక్టార్లు: చదవడానికి ప్రయత్నిస్తే రాని చోట్లు. బాగున్నాయా పోయాయా అని ఇంకా తేలలేదు.
- సీ6, అన్‌కరెక్టబుల్ సెక్టార్లు: డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి.

ఒక చిన్న మెలిక ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ రా వాల్యూలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. మామ డిస్కులో సీ5 దగ్గర 18 అని ఉంది, అంటే అసలు లెక్క 24. అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో రా వాల్యూస్‌ను 10కి మార్చుకుంటే మామూలు అంకెలు కనిపిస్తాయి.

సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం కంగారు పడకండి. అది ఎక్కువగా కేబుల్ సమస్య. కేబుల్ మార్చి, ఆ అంకె ఇంకా పెరుగుతోందేమో చూడండి. ఉన్న అంకె తగ్గదు, పెరగకపోతే చాలు.

ఎంత టైమ్ ఉంటుంది?

మన దగ్గర బోరు ఎండిపోయే ముందు గాలి కొడుతుంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. అప్పుడు రైతు మోటారు విప్పుకుని కూర్చోడు, వచ్చే నీళ్లను ముందు చెట్లకు పారించుకుంటాడు. పెండింగ్ సెక్టార్లు కూడా అంతే. ఇంకో ఏడాది నడవొచ్చు, ఈ సాయంత్రమే ఆగిపోవచ్చు.

గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ వచ్చిన డిస్కు, ఎర్రర్ లేని డిస్కుతో పోలిస్తే, 60 రోజుల్లోపు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో ఇంకో విషయం కూడా ఉంది. పోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా స్మార్ట్‌లో ఏ ఎర్రరూ చూపించకుండానే పోయాయి. అంటే పసుపు వస్తే కదలాలి, నీలం ఉంది కదా అని నిద్రపోకూడదు.

ఇవి అస్సలు చేయొద్దు

- చెక్‌డిస్క్, డీఫ్రాగ్: పూర్తి చెక్‌డిస్క్ డిస్కు మొత్తాన్ని చదువుతుంది, ఫైల్ సిస్టమ్‌లో మార్పులూ చేస్తుంది. మిగిలిన కాస్త ఆయుష్షు దానికే అయిపోతుంది. డిస్కు కలపగానే విండోస్ "స్కాన్ అండ్ ఫిక్స్" అని అడిగినా వద్దనండి.
- మూత విప్పడం: లోపల పళ్లేనికి, దాన్ని చదివే హెడ్‌కి మధ్య దూరం కొన్ని నానోమీటర్లే. మన ఊరి దుమ్ములో ఒక్క రేణువు చాలు.
- ఫ్రిజ్‌లో పెట్టడం: లోపల తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది.

నేను కాపీ చేసిన వరుస

1. డిస్కును బయటికి తీశాను. విండోస్ అదే డిస్కులో ఉంటే, కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ అది ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అందుకే డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో నా లాప్‌టాప్‌కి కలిపాను. కాపీకి కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కు వెళ్లేటప్పుడే కొనుక్కుపోయాను.

2. కరెంటు చూసుకున్నాను. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా అనుకుంటాం. కానీ 3.5 అంగుళాల డిస్కు విడిగా దాని అడాప్టర్ మీద నడుస్తుంది. మేలో సాయంత్రం గాలి లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మామ ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే ఉంది. దాన్నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాను. అనుకున్నట్టే సాయంత్రం రెండుసార్లు పోయింది, కాపీ ఆగలేదు.

3. చిన్నవి, ముఖ్యమైనవి ముందు. "మామా, ఏది పోతే నీకు పని ఆగిపోతుంది?" అని అడిగాను. ఈ ఏడాది డిజైన్లు, తర్వాత పాతవి, తర్వాత లెక్కలు, ఫొటోలు. సినిమాలు చివర్లో.

4. మొండికేసిన ఫైల్‌ను వదిలేశాను. మామూలు కాపీ ఒక్క పాడు ఫైల్ దగ్గరే ఇరుక్కుంటుంది. టెరాకాపీలో అయితే దాన్ని వదిలి ముందుకెళ్లొచ్చు, రానివాటి జాబితా చివర్లో చూపిస్తుంది. లినక్స్ తెలిసినవాళ్లకు డీడీరెస్క్యూ ఇంకా మంచిది. అది సులువుగా వచ్చే భాగాలను ముందు తీసుకుని, కష్టమైనవాటికి తర్వాత తిరిగి వస్తుంది.

నాలుగు గంటలు పట్టింది. చివర్లో చూస్తే పెండింగ్ సెక్టార్లు 24 నుంచి 61కి చేరాయి. తొమ్మిది డిజైన్లు రాలేదు. వాటిలో ఏడు అట్టలు కొట్టే ఆయన కంప్యూటర్లో దొరికాయి. మిగతా రెండూ నేసిన చీరను ముందు పెట్టుకుని మామ మళ్లీ గీస్తున్నాడు.

డిస్కు అసలు కనిపించకపోయినా, టిక్ టిక్ ఆగకుండా వస్తున్నా ఈ పద్ధతి వద్దు. వెంటనే ఆఫ్ చేసి, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. మనకు దగ్గర్లో అంటే బెంగళూరు. ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి అందులో ఉన్నది అంత విలువైనదా అని ముందే ఆలోచించుకోండి.

ఎండ వల్లే పోయిందా?

మామ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అనంతపురం ఎండలు తెలిసినవే. కానీ పైన చెప్పిన పరిశోధనలో, మరీ ఎక్కువ వేడి తప్పితే ఉష్ణోగ్రతకూ డిస్కు పోవడానికీ అనుకున్నంత సంబంధం కనిపించలేదు. చాలా డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు ఇచ్చే పరిమితి 60 డిగ్రీలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 50 దాటుతుంటే క్యాబినెట్ ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులపండి. డిస్కు వయసు ఐదేళ్లు దాటితే మాత్రం దాన్ని ఒంటరిగా నమ్మకండి.

పసుపు రాకముందే

ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఇంకో మాట. దానికి శబ్దం ఉండదు, ఒక్కోసారి ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. ఏ డిస్కయినా ముఖ్యమైన ఫైల్ మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి ఇంటికి దూరంగా. మామ డిజైన్ ఫైళ్లన్నీ కలిపినా 6 జీబీ దాటలేదు, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో సరిపోయాయి. బయటి డిస్కులో ప్రతి ఆదివారం మామ కూతురు కాపీ చేస్తుంది.

ఆ పాత డిస్కు ఇప్పటికీ తిరుగుతుంది. "బాగానే ఉంది కదప్పా, సినిమాలకు పెట్టుకుందామా?" అంటాడు మామ. సినిమాలకైతే పెట్టుకోమన్నాను. చీరల డిజైన్ ఒక్కటి కూడా అందులో పెట్టనని మాట తీసుకున్నాను.