తెల్ల ఫర్నిచర్‌కి నప్పే గోడ రంగు, నేల రంగు
(రేడియో ప్రసంగ పాఠం)



మనామాలోనూ, జుఫైర్‌లోనూ, రిఫాలోనూ ఉంటున్న మన తెలుగు కుటుంబాల వాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "తెల్ల సోఫా, తెల్ల మంచం, తెల్ల బీరువా కొన్నామండీ. షాపులో కళకళలాడాయి. ఇంటికి తెచ్చాక ఎందుకో వెలవెలబోతున్నాయి. గోడలకి ఏ రంగు వేయించమంటారు?" ఇళ్ళకి రంగులు ఎంచిపెట్టడం నా వృత్తి కాబట్టి ఈవేళ దీని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ ప్రశ్నకి నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ నేల ఏ రంగు? అద్దె ఫ్లాటులో నేలని మనం మార్చలేం. ఫర్నిచర్ ఎలాగూ కొనేశాం. మన చేతిలో మిగిలింది గోడ ఒక్కటే. అందుకని ముందు నేలని చూడాలి, తరవాత గదిలోకి వచ్చే వెలుతురుని చూడాలి, ఆ రెండూ తెలిశాకే షేడ్ కార్డు తెరవాలి. చాలామంది షేడ్ కార్డుతో మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

అసలు తెలుపు అంటే ఒకే రంగు కాదు. మన ఊళ్ళలో పండగ ముందు గోడలకి వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు, గుర్తుందా? సున్నంలోని పసుపు ఛాయని ఆ నీలం అణిచేసి గోడని ఇంకా తెల్లగా చూపించేది. ముత్యాల సంగతీ అంతే. ఒకప్పుడు ఈ గల్ఫు సముద్రంలో తీసిన ముత్యాలు బొంబాయి బజారుకీ, అక్కణ్ణించి మన హైదరాబాదుకీ చేరేవి. మనవాళ్ళు బస్రా ముత్యాలని పిలిచినవి ఇవే. గులాబి ఛాయ ఉన్న తెలుపా, మీగడ ఛాయ ఉన్న తెలుపా అని చూడనిదే వర్తకుడు ధర కట్టేవాడు కాదు.

మీ ఫర్నిచర్‌ని కూడా అలాగే చూడండి. పగటి వెలుతురులో దాని మీద ఒక ఏ-ఫోర్ కాగితం పెట్టండి. ఆ కాగితం కాస్త నీలం వైపు మొగ్గే తెలుపు. దాని పక్కన మీ సోఫా మీగడలా కనిపిస్తే అది వెచ్చని తెలుపు. కాగితంతో దాదాపు కలిసిపోతే చల్లని తెలుపు.

ఇక నేల. ఇక్కడి ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేవి లేత గోధుమరంగు, మీగడ రంగు టైల్స్. వాటిని చూసి పెదవి విరవకండి. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి మోసుకొచ్చే దుమ్ము కూడా ఆ రంగే. నున్నటి నల్ల టైల్స్ వేసిన ఇంట్లో పొద్దున తుడిస్తే సాయంత్రానికి అడుగుల జాడలు తేలతాయి. గోధుమరంగు నేల ఆ దుమ్ముని కనపడనివ్వదు.

అయితే ఆ నేల మీద చల్లని తెల్ల ఫర్నిచర్ పెడితే నేల మాసినట్టూ, ఫర్నిచర్ నీలంగానూ కనిపిస్తాయి. దీనికి కారణం ఫ్రాన్సులో మిషెల్ షెవ్రొల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని చూసేవాడాయన. నల్లరంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదు, పక్కన నేసిన రంగులో ఉందన్నాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపాన్ని ఒకటి మార్చేస్తాయని 1839లో పుస్తకమే వేశాడు.

మన ఆడవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. పేడతో అలికిన వాకిట్లో, జాజు పూసిన అరుగు మీద ముగ్గు ఎంత తెల్లగా మెరుస్తుంది! అదే పిండి లేతరంగు గచ్చు మీద వేస్తే వెతుక్కోవాలి. తెలుపుకి కింద ఒక రంగు కావాలి. అద్దె ఇంట్లో ఆ పని తివాచీతో చేయించవచ్చు. ఇటుక రంగుదో, తేనె రంగుదో, సోఫా ముందుకాళ్ళు దాని మీద ఆనేంత పెద్దది వేయండి.

స్వదేశంలో ఇల్లు కట్టిస్తున్నవారికి ఒక మనవి. నేల రంగుని ఫోను వీడియోలో చూసి ఖాయం చేయకండి. కెమెరా తనంతట తాను తెలుపుని సరిదిద్దుకుంటుంది. తాండూరు బండల్లో నీలి ఛాయవీ ఉన్నాయి, పసుపు ఛాయవీ ఉన్నాయి. ఫోనులో ఆ తేడా చెదిరిపోవచ్చు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక చిన్న ముక్క తెప్పించుకోండి. గోడ రంగు నచ్చకపోతే మళ్ళీ వేయించవచ్చు. నేలంటే తవ్వించాలి.

తరవాత వెలుతురు. బహ్రెయిన్ సుమారు 26 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో 40 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీ నుంచి ఎండ గది లోపలిదాకా పడుతుంది. ఉత్తరపు గదుల్లో వెలుతురు నీలంగా, నిలకడగా ఉంటుంది, వాటికి వెచ్చని రంగులు వేయాలి. పడమటి గదుల్లో సాయంత్రం ఎండ కళ్ళలో పొడుస్తుంది, వాటికి చల్లని రంగులు హాయి. ఎదురింటి ఇసకరంగు గోడ మీద పడి వచ్చే వెలుతురు మీ గదికి పసుపు పులుముతుందని కూడా మరవకండి. రాత్రి సంగతి బల్బుది. 2700 నుంచి 3000 కెల్విన్ అని రాసి ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే నీలి వెలుగు.

ఇప్పుడు గోడ. గోధుమ నేల, వెచ్చని తెల్ల ఫర్నిచర్ అయితే పాలల్లో తేనె కలిపినట్టుండే రంగు గానీ, లేత మట్టి రంగు గానీ వేయండి. గోధుమ నేల, చల్లని తెలుపు అయితే ఎండిన తులసాకులాంటి బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఆ రెండిటికీ రాజీ కుదురుస్తుంది. బూడిదరంగు నేల, చల్లని తెలుపు అయితే లేత నీలి బూడిద బాగుంటుంది, కానీ అక్కడ ఒక చెక్క బల్లో, కుర్చీయో లేకపోతే గది ఆసుపత్రిలా ఉంటుంది. షేడ్ కార్డు వెనక ఎల్.ఆర్.వి. అని ఒక అంకె ఉంటుంది. నలుపుకి 0, తెలుపుకి 100. తెల్ల ఫర్నిచర్ 80 పైన ఉంటుంది కాబట్టి గోడకి 55 నుంచి 70 లోపు ఎంచితే ఫర్నిచర్ విడిగా తేలుతుంది.

డబ్బా కొనేముందు పెద్ద అట్టముక్కకి రెండు కోట్లు వేసి, నేలకి ఆనేలా నిలబెట్టి, పొద్దున, సాయంత్రం 4 గంటలకి, రాత్రి దీపం కింద చూడండి. 4 మీటర్లు పొడవు, మూడున్నర వెడల్పు, 2.7 ఎత్తు ఉన్న గదిలో తలుపులు, కిటికీలు పోను సుమారు 35 చదరపు మీటర్ల గోడ ఉంటుంది. లీటరుకి 10 చదరపు మీటర్ల లెక్కన రెండు కోట్లకి 7 లీటర్లు చాలు. కిటికీలు తెరుచుకోగలిగే నవంబరు, ఫిబ్రవరి మధ్య వేయిస్తే వాసన గదిలో నిలవదు. ముందు యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. పాత రంగు నంబరు రాసిపెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు అడగవచ్చు.

అనుమతి రాకపోతే? ముహర్రక్‌లో షేక్ ఇసా బిన్ అలీ గృహం చూసి రండి. లోపల గోడలన్నీ తెల్ల జిప్సమ్ పూతే. అయినా కళ్ళు చెదరవు. ముదురు చెక్క తలుపులు, దూలాలు, నడిమి వాకిట్లో నీడ ఆ తెలుపుని పట్టి ఉంచుతాయి. మీరూ తెల్లగోడ అలాగే ఉంచి, ముదురు చెక్క ఫ్రేములు, మట్టిరంగు తెరలు, తివాచీ చేర్చండి.

"రేపో మాపో వెళ్ళిపోయే ఇల్లు, దీనికి రంగులెందుకండీ" అనేవాళ్ళున్నారు. వచ్చే ఏడు వెళ్ళిపోతాం అంటూనే పదిహేనేళ్ళు గడిచిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ బోసిగోడల మధ్యే పిల్లలు కేజీ నుంచి పన్నెండో తరగతికి వచ్చేశారు. నప్పలేదని తెల్ల సోఫాని సగం ధరకి అమ్ముకునేవాళ్ళనీ చూస్తున్నాను. ఆ నష్టంతో పోలిస్తే 7 లీటర్ల రంగు ఖర్చు ఎంతని? ఈ శుక్రవారం ఒక అట్టముక్కకి రంగు వేసి గోడకి ఆనించి చూడండి.

మరి ఉంటాను. సెలవు.