ఎదుగుతాడులే అని ఫ్రేము కొనకండి

పిల్లలకు బడి చొక్కా కుట్టించేటప్పుడు రెండంగుళాలు వదులు పెట్టించడం మన ఇళ్లలో ఉన్నదే. ఎదిగే పిల్లాడు, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని అనుకుంటాం. సైకిలు దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. మన జిల్లాలో ఓ కౌలు రైతు ఈ సంగతి వేరుశెనగ అమ్మిన డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాడు.

ఆయన కొడుకు ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. తిరునాళ్లలో పెట్టే సైకిలు పందేల్లో మూడేళ్లుగా మొదటి బహుమతి అతనిదే. అది చూసిన డ్రిల్లు మాస్టారు కుర్రాణ్ణి ట్రాక్ పందేలకు పంపమని తండ్రికి చెప్పారు. ట్రాక్ అంటే తారు రోడ్డు కాదు. గుండ్రంగా తిరిగి, మలుపుల దగ్గర చెరువు కట్టలా వాలుగా లేచి ఉండే బాట. దాన్ని వెలోడ్రోమ్ అంటారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకటి ఉంది.

ఆ బాట మీద తొక్కే సైకిలు కూడా వేరు. దానికి ఒకటే గేరు. ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. బ్రేకులు ఉండవు. కొత్తది కొనడం సన్నకారు రైతుకు తలకు మించిన భారం. అందుకే చాలామంది పందేలు మానేసిన వారి దగ్గర పాత ఫ్రేము కొని, మిగతా సామాను ఒక్కొక్కటే సమకూర్చుకుంటారు.

మన కౌలు రైతు కూడా అదే చేశాడు. పట్నంలో ఓ పాత ఆటగాడి దగ్గర ఫ్రేము ఉందని తెలిసి కొడుకుతో వెళ్లాడు. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. స్టీలు పైపుల మీద ఎక్కడా తుప్పు లేదు. "కొంచెం పెద్దదిగా ఉంది నాన్నా" అని కుర్రాడు గొణిగాడు. "ఎదుగుతావులేరా" అన్నాడు తండ్రి. డబ్బు చేతులు మారింది.

రెండు నెలలు తిరగకుండానే కుర్రాడికి నడుం పట్టేసింది. మెడ నొప్పి, అరచేతుల తిమ్మిరి మొదలయ్యాయి. ఎంపిక పోటీలో సగం దూరం వరకు ముందున్నవాడు చివరికి వెనకబడ్డాడు. బద్ధకమని ఇంట్లో కోప్పడ్డారు. తనలోనే సత్తా లేదేమోనని కుర్రాడు లోలోపల కుమిలిపోయాడు. పందేలు మానేస్తానన్నాడు.

మేస్త్రీ చెప్పిన మాట

ఆ ఫ్రేమును అమ్మేద్దామని తండ్రి మండల కేంద్రంలోని సైకిలు మేస్త్రీ దగ్గరికి తెచ్చాడు. ఆయన ట్రాక్ సైకిలు బాగుచేసి ఎరుగడు. అయినా కుర్రాణ్ణి ఎక్కించి, ఒక పక్కగా నిలబడి చూశాడు. సీటు ఫ్రేములోకి దాదాపు పూర్తిగా దిగి ఉంది. హ్యాండిల్ అందుకోవడానికి కుర్రాడు చేతులు బిగదన్ని ముందుకు సాగిపోయాడు.

"తమ్ముడూ, చొక్కా పొడుగైతే దర్జీ కత్తిరిస్తాడు. ఫ్రేము పొడుగైతే ఎవరు కత్తిరిస్తారు?" అన్నాడు మేస్త్రీ.

అసలు కీలకం ఇదే. సీటు ఎత్తు మార్చుకోవచ్చు. హ్యాండిల్‌ను ముందుకో వెనక్కో ఒకటి రెండు సెంటీమీటర్లు సవరించుకోవచ్చు. పెడళ్లు, చక్రాలు, చైను అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేము పొడవు మాత్రం పుట్టిన నాటిదే. కాబట్టి మొదట చూడవలసింది రంగు కాదు, కంపెనీ పేరు కాదు. కొలత.

కాలు కొలత ఇలా

చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడాలి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి లాగాలి. నేల నుంచి పుస్తకం పై అంచు వరకు దర్జీ టేపుతో కొలవాలి. ఆ సెంటీమీటర్లను 0.65తోనూ, 0.67తోనూ హెచ్చవేస్తే సరిపోయే ఫ్రేము సైజు ఆ రెంటి మధ్య ఉంటుంది. మన కుర్రాడి కొలత 80 సెంటీమీటర్లు. అంటే 52 నుంచి 54 మధ్య ఫ్రేము కావాలి. తండ్రి కొన్నది 58.

అదే కొలతను 0.883తో హెచ్చవేస్తే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. ఈ కుర్రాడికి అది సుమారు 70న్నర సెంటీమీటర్లు. ఇవి మొదటి అంచనాలు మాత్రమే. తొక్కి చూసి సవరించుకోవాలి. మోకాలి ముందు భాగం నొప్పెడితే తరచుగా సీటు కిందికి ఉన్నట్టు, వెనక భాగం నొప్పెడితే పైకి ఉన్నట్టు గుర్తు.

ఫ్రేము సైజు అంటే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైపు వెంట పైకి కొలిచిన పొడవు. కొందరు పై పైపు మధ్య వరకు కొలుస్తారు. మరికొందరు సీటు పైపు చివర వరకు కొలుస్తారు. తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు వస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికో అడగాలి. పై పైపు పొడవు కూడా తప్పక అడగాలి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఒకరికి నడుం పొడవు ఉండవచ్చు. నడుం, మెడ నొప్పులు ఎక్కువగా ఈ పొడవు కుదరకే వస్తాయి.

మామూలు సైకిళ్లకూ ఇదే వర్తిస్తుంది. పాలు పోసేవారు, పొలాలకు వెళ్లేవారు వాడే పెద్ద సైకిళ్లలో 20, 22, 24 అంగుళాలు అనేది ఫ్రేము కొలత. పిల్లల సైకిళ్లలో 16, 20 అనేది చక్రం కొలత. రెండూ ఒకటే అనుకుని మోసపోవద్దు.

తాడు పరీక్ష

పాత ఫ్రేము ఎప్పుడైనా గుద్దుకుందేమో తెలుసుకోవాలి. హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ రంగు ముడతలు పడినా, పైపు ఉబ్బినా ముందు నుంచి దెబ్బ తగిలినట్టే. వెనక చక్రం బిగించే ఒక చివర నుంచి గట్టి దారం తీసి, హ్యాండిల్ పైపు చుట్టూ తిప్పి, రెండో చివరకు కట్టండి. దారానికీ సీటు పైపుకూ మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా ఉండాలి. తేడా ఉంటే ఫ్రేము వంకర పోయినట్టు. స్టీలు వంకరను తెలిసిన మేస్త్రీ సరిచేయగలడు. అల్యూమినియం ఫ్రేముకు చీలిక కనిపిస్తే అది ఉచితంగా ఇచ్చినా వద్దు.

సీటు కడ్డీ కదులుతోందో లేదో చూడండి. తుప్పుతో పట్టుకుపోతే తీయడం కష్టం. ట్రాక్ ఫ్రేములో వెనక చక్రం పట్టే చోటు సాధారణంగా 120 మిల్లీమీటర్లు ఉంటుంది. గేర్ల సైకిలు చక్రం అందులో పట్టదు. కొనేముందు ఫ్రేము నంబరు రాసుకోండి. చాలావాటికి అది పెడళ్ల ఇరుసు గూడు అడుగున ఉంటుంది. ఆ నంబరుతో అమ్మినవారి సంతకం చేసిన కాగితం తీసుకోండి. దొంగ సొత్తు అయితే మీ డబ్బుతో పాటు మీ పరువూ పోతుంది.

ఇంకో మాట. బ్రేకుల్లేని సైకిలును ఊరి రోడ్డు మీద తొక్కనివ్వకండి. అడ్డంగా వచ్చే గేదెకు ఆ సంగతి తెలియదు.

అమ్మేవారికీ ధర్మం ఉంది

కౌలు రైతు ఆ 58 ఫ్రేమును మళ్లీ అమ్మాడు. కొలత చెప్పకుండా అమ్మేద్దామనుకున్నాడట. "నీకు జరిగిందే ఇంకో తండ్రికి జరగాలా?" అని మేస్త్రీ అడిగేసరికి నోట మాట రాలేదు. రెండు పొడవులూ, కింది పైపు మీదున్న చిన్న నొక్కూ కాగితం మీద రాసి మరీ చూపించాడు. ఆరడుగుల కుర్రాడొకడు కొన్నాడు. 1500 రూపాయలు నష్టం వచ్చింది. "ఆ డబ్బు పోతే పోయింది. పిల్లాడు చెప్పిన మాట వినకపోతినే అన్నదే బాధ" అంటాడు తండ్రి.

ఇప్పుడు ఇంట్లో 53 ఫ్రేము ఉంది. రంగు వెలిసింది, అక్కడక్కడ గీతలున్నాయి. కుర్రాడు తెల్లవారుజామున బ్రేకులున్న పాత సైకిలు మీద రోడ్డు సాధన చేస్తున్నాడు. నెలకు రెండుసార్లు ట్రాక్ సైకిలును బస్సు పైకెక్కించి హైదరాబాదు వెళుతున్నాడు. పతకం వస్తుందో రాదో చెప్పలేం. నడుం నొప్పి అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.