ఇంట గెలిచిన మాంత్రికుడు

వేసవి మధ్యాహ్నం అరుగుమీద సుద్దముక్కతో గీసుకొని ఆడే పులిజూదం ఎరుగని తెలుగుపల్లె అరుదు. 3 పులులు, 15 మేకలు, 23 చుక్కలు. ఆ ఆటకు కావలసిన సంభారం ఇంతే. పులికి బలం ఉన్నది, మేకకు బలగం ఉన్నది. పక్కనున్న మేకపై నుండి దూకి అవతలి చుక్కలో వాలితేనే పులికి ఆహారం దక్కుతుంది. ఆ చుక్కలో మరొక మేక నిలిచి ఉంటే పులి చేయగలిగినది ఏమీ లేదు. అందువల్ల తోడులేక ముందుకు ఉరికిన మేక చస్తుంది. ఒకదాని వెనుక ఒకటి బారుతీరిన మేకలు తుదకు పులులను కదలనీయకుండా కట్టివేస్తవి.

ఈ పాత పాఠాన్నే ఒక మహాసామ్రాజ్యమంత విస్తీర్ణంలో బోధించే కొత్త ఆటలు నేడు కంప్యూటరు తెరమీదికి వచ్చినవి. ఆ కోవలో పెద్దపేరు గడించినది ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’. అమెరికాలోని సిమ్‌టెక్స్ సంస్థ రూపొందించగా, మైక్రోప్రోస్ సంస్థ 1994లో దీనిని విడుదల చేసినది. 2022లో ఇది కొత్త హంగులతో మరల వెలువడినది. ఇందులో ఆటగాడే రాజు, ఆటగాడే మాంత్రికుడు. అతని చేతిలో తొలుత ఉండేది ఒక చిన్న పట్టణం, రెండే పటాలాలు. ఆర్కేనస్, మిర్రర్ అని రెండు లోకాలు. జీవం, మృత్యువు, విలయం, ప్రకృతి, ఇంద్రజాలం అని ఐదు మంత్రవిద్యలు. ఎదుట నలుగురి దాకా ప్రత్యర్థి మాంత్రికులు. చదరంగంలో వలెనే ఎవరి వంతు వారిది. ఒకరు తమ ఎత్తులన్నీ ముగించిన తరువాతనే రెండవవారు కదులుతారు. చేతివేగంతో ఇక్కడ పని లేదు, ఆలోచనతోనే పని. అయినప్పటికీ సెలవులలో పలాసలోనో టెక్కలిలోనో దీని ముందు మొదటిసారి కూర్చునే విద్యార్థి సాధారణంగా ఓడిపోతాడు. మంత్రాలు తెలియక కాదు, ముందుకు ఉరికిన మేక వలె ఆడటంవల్ల.

కొత్తవాడు మొట్టమొదట చూడవలసినది శత్రువును కాదు, తన ఊరి చుట్టూ ఉన్న నేలను. తొలినాటి ఆటలో ఒక్కొక్క పట్టణానికి చుట్టుపక్కల 21 గళ్ళ భూమి ఆధారం. ఆ గళ్ళలో నది ఉన్నదా, మైదానం ఉన్నదా, కొండ ఉన్నదా అన్నదానినిబట్టే ఆ ఊరు ఎంతమందిని పోషించగలదో నిర్ణయమవుతుంది. ఈ సంగతి ఉద్దానం పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యానమన్న మాటే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. తీరపు ఇసుకనేల కొబ్బరికి, జీడిమామిడికి అనువైనది. నౌపడ దగ్గర సముద్రపు నీరు మళ్ళలో ఎండి ఉప్పుగా మారుతుంది. వంశధార ఒడ్డున వరి పండుతుంది. ఉప్పుమడిలో వరి నాటేవాడు ఎవడూ లేడు. ఆటలోనూ అంతే: నేల ఇచ్చేదానిని అడగాలి, ఇవ్వనిదానిని కోరరాదు.

నేల తరువాత జనం. పట్టణంలోని ప్రజలలో కొందరు కర్షకులు, కొందరు కార్మికులు. సాధారణ పటాలం ప్రతి ఒక్కటీ వంతువంతుకూ ఒక పాలు తిండి తింటుంది, జీతం అదనం. కొత్తవాడు ఉత్సాహంకొద్దీ వరుసగా పటాలాలను తయారుచేస్తాడు. వారిని మేపడానికి కార్మికులను పొలాలకు పంపవలసి వస్తుంది; కట్టడాలు ఆగిపోతవి. తిండి చాలని నాడు పటాలాలే చెదిరిపోతవి. బొక్కసం నింపుదామని పన్ను పెంచితే ప్రజలలో కొందరు తిరుగుబాటుదారులవుతారు. వారు పండించరు, పనిచేయరు, పన్ను కట్టరు. పెంచిన పన్ను మొత్తంమీద రాబడిని తగ్గించడం అప్పుడు కండ్లారా చూడవచ్చు. గుడి కట్టించినా, ఊరికి తగిన కావలి ఉంచినా ఆ అలజడి కొంత శమిస్తుంది. కౌటిల్యుడు రాజ్యానికి చెప్పిన సప్తాంగాలలో స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అన్న వరుస ఉన్నది. దండానికి ముందు కోశం, కోశానికి ముందు జనపదం! మొదటిసారి ఆడేవారు హాఫ్లింగులనే పొట్టిజాతిని ఎన్నుకొనడం మేలనడానికి కారణమూ ఇదే. ఇతరజాతుల కర్షకుడు రెండుపాళ్ళు పండించేచోట వీరి కర్షకుడు మూడుపాళ్ళు పండిస్తాడు.

ఇల్లు కుదుటపడిన పిమ్మట రెండవ ఊరు. వలసజనాన్ని పంపినచోట తొలుత చిన్న గుడిసెలపల్లె మాత్రమే వెలుస్తుంది. అది పెరగనూవచ్చు, నశించనూవచ్చు. కనుక మంచినేల ఎక్కడో దూరాన కనిపించినదని అక్కడికి పరుగెత్తరాదు. మొదటి ఊరినుండి కావలిపటాలం త్వరగా చేరగలిగినంత దగ్గరలో ఊరు వేయాలి, రెండింటినీ బాటతో కలపాలి. బాట విలువ టెక్కలివారికి తెలియనిది కాదు. నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నరైలుదారి తీరాన్ని, కొండదాపు సీమను ఒకే అంగడిగా కలిపినది.

ఈ విషయంలో చరిత్ర ఇచ్చే సాక్ష్యం ఇంటిముంగిటనే ఉన్నది. టెక్కలికి పడమట, వంశధార గట్టున ఉన్న ముఖలింగమే గంగరాజుల కళింగనగరమని చరిత్రకారులు పలువురు గుర్తించినారు. గంగశకం 5వ శతాబ్ది చివర మొదలైనది. 1078లో సింహాసనమెక్కిన అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్కళాన్ని జయించి, కటకానికి రాజధానిని తరలించేనాటికి ఆ వంశం ఈ నేలలో పాతుకొని ఆరు శతాబ్దాలు దాటినది. అంత వేరు ఉన్న చెట్టు కాబట్టే అంత కొమ్మ చాపగలిగినది. దీనికి మరొకవైపు సముద్రగుప్తుడు. 4వ శతాబ్దిలో దక్షిణాపథానికి దండెత్తి, పిష్టపురం, అనగా నేటి పిఠాపురం, ఏలిన మహేంద్రునితో సహా పన్నెండుమంది రాజులను పట్టి, వారిని విడిచిపెట్టి, ఎవరి రాజ్యం వారికే ఇచ్చినట్లు ప్రయాగ శాసనం చెబుతున్నది. గెలువగలిగినంత దూరమూ నిలుపుకోగలిగినంత దూరమూ ఒకటి కావని ఆయనకు తెలుసు. ఆటలో కొత్తవాడు పోగొట్టుకునే పట్టణాలలో ఎక్కువభాగం గెలిచి, కావలి పెట్టలేక విడిచినవే.

ఇక మంత్రశక్తి. ప్రతి వంతులోనూ వచ్చే శక్తిని మూడు పాళ్ళుగా పంచుకోవాలి: వెంటనే వాడుకొనే నిల్వ ఒకటి, కొత్తమంత్రాల పరిశోధన ఒకటి, మంత్రం ప్రయోగించే నేర్పు ఒకటి. నిల్వ కనబడుతుంది గనుక దానినే పెంచడం కొత్తవారి అలవాటు. నేర్పు లేనివానికి నిల్వ ఉండీ ప్రయోజనం లేదు. వంతుకు కొద్దిపాటి మాత్రమే వాడగలడు. పుస్తకాలు కొని చదవనివాని వంటివాడన్న మాట. అడవులలో, కొండలలో శక్తిస్థానాలు ఉంటవి. వాటిని భూతగణాలు కాచి ఉంటవి. అక్కడికి పోయే ముందు కాపలా ఎవరో తెలుసుకోవాలి. తెలుసుకొని వెనుదిరగడం ఓటమి కాదు.

మిగులు సంగతి మరువరాదు. ఆటలో ఊహించనినాడు మహమ్మారి వస్తుంది, భూకంపం వస్తుంది, ఓడదొంగలు బొక్కసం దోచుకుపోతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. ఇల్లు తిరిగి కట్టుకోవచ్చు; కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. తోట ఒక్కటే ఆధారమైన కుటుంబానికీ, మరొక ఆదరువున్న కుటుంబానికీ ఆ ఏండ్లలో కలిగే భేదమే, మిగులున్న రాజుకూ లేని రాజుకూ ఉంటుంది. చేతిలో ఉన్న బంగారమంతా ఒకే కట్టడంపై ఖర్చుచేయవద్దని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే.

ఇన్నీ పాటించినవాడు రెండవ ఆటలోనో మూడవ ఆటలోనో గెలుస్తాడు. గెలిచిన విద్యార్థిని ఉపాధ్యాయుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది: నీ పట్టణపు లెక్కలో ఏమేమి లేవు? తెరమీద తిండి, బంగారం, శక్తి, జనసంఖ్య కనబడుతవి. ఊరి బావిలో నీరు ఎట్లున్నదో కనబడదు. ఉద్దానంలో కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి వేలకుటుంబాలను పీడిస్తున్నది; కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు నేటికీ నిర్ధారించలేదు. పచ్చనితోటలను, పంటలెక్కలను మాత్రమే చూచినవారికి ఇది భాగ్యసీమగానే తోచినది. పలాసలో మూత్రపిండాల పరిశోధనకేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనది 2023 డిసెంబరులో. హిరమండలం జలాశయం నుండి గొట్టాలద్వారా వంశధార నీటిని ఉద్దానం పల్లెలకు తెచ్చే పథకమూ అప్పుడే ఆరంభమైనది.

ఆట తయారుచేసినవారు లెక్కించదలచినవే ఆటలో లెక్కకు వస్తవి. దేశాన్ని ఏలేవారికి ఆ వెసులుబాటు లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దలు ఇంట ఏమి గెలవాలో విడమరచి చెప్పలేదు. తిండి, బాట, కావలి, మిగులు అన్నవాటిని ఆట నేర్పుతుంది. బావినీటి సంగతి తరగతిగదిలో చెప్పవలసి ఉన్నది.