మూడు ఊదా, ఒకటి గులాబీ

"నాన్నా, మూడు కొవ్వొత్తులు ఊదా రంగులో ఉన్నాయి. ఇదొక్కటే గులాబీ రంగు. తప్పు డబ్బా పంపారేమో, రిటర్న్ చేద్దామా?" అని మా చిన్నమ్మాయి అడిగినప్పుడు దానికి ఆరేళ్ళు. అమెరికాలో పుట్టిన పిల్ల కదా, తేడా కనిపించగానే రిటర్న్ కౌంటరే గుర్తొస్తుంది!

తప్పు డబ్బా కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన రోజులను మా కతోలిక విచారణల్లో ఆగమన కాలం అంటాం. (విచారణ అంటే ఎవరినో నిలదీయడం కాదండోయ్! పారిష్‌కి మన కతోలికులు వాడే తెలుగు మాట అది.) పచ్చని కొమ్మలు గుండ్రంగా అల్లి, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి, వారానికొకటి చొప్పున వెలిగిస్తాం. ఊదా పశ్చాత్తాపానికి గుర్తు. మూడో ఆదివారానికి లాటిన్‌లో 'గౌదేతే' అని పేరు, అంటే సంతోషించండి అని. పండుగ దగ్గరపడిందని ఆ వారం గులాబీ కొవ్వొత్తి. చాలాచోట్ల ఫాదర్ గారు కూడా ఆ రోజు గులాబీ రంగు వస్త్రాలు వేసుకుంటారు.

ఈ కొవ్వొత్తుల చక్రం మరీ పాతదేం కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేదపిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విఖర్న్ అనే లూథరన్ పాస్టరు, పండుగ ఇంకా ఎన్ని రోజులని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి లెక్క చూపించాడని చెబుతారు. కతోలికులు తర్వాత అందిపుచ్చుకున్నారు. పిల్లల పోరు ఏ దేశంలోనైనా ఒకటే!

ఆగమన కాలం ఏటా ఒకే పొడవు ఉండదు. 22 రోజుల నుంచి 28 రోజుల దాకా ఉంటుంది. 2023లో డిసెంబరు 3న మొదలై, నాలుగో ఆదివారం సరిగ్గా 24నే వచ్చింది. పొద్దున ఆదివారం పూజ, సాయంత్రం క్రిస్మస్ పూజ! బయట షాపుల్లో థాంక్స్ గివింగ్ భోజనం అరగకముందే పండుగ మొదలై, 26న చెట్లు రోడ్డు పక్కకు చేరతాయి. గుడిలో పండుగ మొదలయ్యేదే 25న.

డిసెంబరు 17 నుంచి 23 వరకు సాయంత్ర ప్రార్థనలో క్రీస్తును రోజుకో పేరుతో పిలుస్తారు. ఆ ఏడు లాటిన్ పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కి చదివితే 'ఎరో క్రాస్' అని వస్తుంది. 'రేపు ఉంటాను' అని అర్థం. చివర పెట్టింది ముందు తీయడం, మన కంప్యూటర్ వాళ్ళ భాషలో స్టాక్ అన్నమాట. ఇది చెబితే మా పెద్దవాడు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

ఇంట్లో మేం చేసేది చాలా తక్కువ. భోజనానికి ముందు లైట్లు ఆర్పి, కొవ్వొత్తి వెలిగించి, యెషయా గ్రంథం నుంచి నాలుగు వాక్యాలు చదువుకుంటాం. ఆర్పే వంతు ఎవరిదని రోజూ యుద్ధమే.

నాకు కష్టమైనది పాపసంకీర్తనం. అక్కడ విన్నది ఫాదర్ గారు బయట చెప్పకూడదు, చెప్పుకున్నవాడు చెప్పుకోవచ్చు. కాబట్టి చెబుతున్నాను. నాన్న 2016లో పోయారు. ఫిరంగిపురం దగ్గర మా ఊళ్ళో ఎనిమిదేళ్ళు ఆయన్ని చూసుకున్నది అన్నయ్య. పొలం అమ్మకం మాట వచ్చినప్పుడు, నాన్న వైద్యానికి ఎంతయిందో ఎక్సెల్ షీటు పంపమని నేను మెయిల్ కొట్టాను. ఆఫీసు అలవాటు అనుకున్నాను. అన్నయ్య జవాబివ్వలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు మాకు మాటల్లేవు. ఏటా డిసెంబరులో మోకరించి కోపగించుకున్నాననీ అబద్ధాలాడాననీ చెప్పి, ఆ మెయిల్ సంగతి మాత్రం దాటేసేవాణ్ణి.

2022లో మా విచారణలో పాపసంకీర్తనాలు వినడానికి పొరుగు విచారణ నుంచి ఒక పెద్ద వయసు ఫాదర్ వచ్చారు. ఎందుకో ఆయన ముందు నోరు జారింది. అంతా విని, జపమాల చెప్పమంటారనుకుంటే, "ఫోన్ చెయ్యి. గులాబీ కొవ్వొత్తి వెలిగేలోపు" అన్నారు. నాలుగు రోజుల గడువు! క్లయింట్లు కూడా నాకు అంత తక్కువ ఇవ్వరు.

మూడు రోజులు వాయిదా వేశాను. శనివారం రాత్రి ఏడున్నరకు, మా ఊళ్ళో ఆదివారం పొద్దున ఏడవుతుండగా చేశాను. వదిన ఎత్తింది.

"వదినా, నేను."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "ఏవండీ, తమ్ముడు" అన్న కేక.

"ఏంట్రా, అక్కడ రాత్రి కదా, అన్నం తిన్నావా?" అన్నాడు అన్నయ్య.

ఎక్సెల్ షీటు అడిగినందుకు క్షమించమన్నాను. "దాని గురించి ఇంకోరోజు మాట్లాడదాం" అన్నాడు. ఏం ఫర్వాలేదు అనలేదు. వేపచెట్టుకు నక్షత్రం కడుతున్నానని చెప్పాడు. ఊరంతా ప్లాస్టిక్ నక్షత్రాలు కొంటున్నా, తను ఇంకా నాన్నలాగే వెదురుబద్దలు చీల్చి రంగు కాగితాలు అంటిస్తాడట. నాకు గొంతు పెగల్లేదు.

"చిన్నదాన్ని పిలువు" అన్నాడు.

అది ఫోన్ లాక్కుని, తాను ఎప్పుడూ చూడని పెదనాన్నను మొదటి ప్రశ్న అడిగింది: "పెదనాన్నా, మీ స్టార్ ఏ కలర్?"

"నాలుగు కొమ్ములు ఎరుపమ్మా. కాగితం అయిపోయింది. ఐదోదానికి ఏ రంగు వెయ్యమంటావు?"