ఆంగ్లసాహిత్య పట్టము - ఆర్జనము, ఋణము

ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో ప్రవేశింపగోరు విద్యార్థులలో కొందరికి ఆంగ్లసాహిత్యమందు సహజమైన అనురాగము గలదు. ఆ విషయమునే ప్రధానముగ గైకొని బి.ఏ. పట్టము నందవలెనని వారి కోరిక. ఆ చదువు కూడు పెట్టునా యని తల్లిదండ్రుల సందేహము. కోరికయు న్యాయమైనదే, సందేహమును న్యాయమైనదే. వాదమునకు దిగుటకు ముందు ఇరువురును కూర్చుండి లెక్క వేసికొనుట మేలు. ఆ లెక్కలో ముఖ్యముగ చూడవలసినవి రెండు: పట్టము వలన ఆర్జనము ఎప్పుడు మొదలగును? దానికై చేసిన ఋణము ఎప్పటినుండి తీర్పవలసి వచ్చును?

మొదట ఆర్జనమును గూర్చి విచారింతము. వైద్యపట్టము వైద్యవృత్తికి నేరుగ కొనిపోవును. ఆంగ్లపట్టమునకు అట్టి ఒక్క త్రోవ లేదు. పెక్కు త్రోవలు గలవు. బోధన, పత్రికారచన, గ్రంథప్రచురణ, అనువాదము, ప్రకటనల రచన మున్నగునవి వానిలో కొన్ని. సివిలు సర్వీసు పరీక్షకు ఏ పట్టమైనను చాలును. అయితే మంచి జీతము గల కొలువునకు ఇంకను మెట్లెక్కవలయును. పాఠశాలలో ఉపాధ్యాయుడు కాగోరువాడు 3 ఏండ్ల బి.ఏ. తరువాత 2 ఏండ్ల బి.ఎడ్. చదివి, ఉపాధ్యాయ అర్హత పరీక్షలో గెలువవలయును. కళాశాలలో బోధింపగోరువాడు 2 ఏండ్ల ఎం.ఏ. యందు నూటికి 55 మార్కులు తెచ్చుకొని, నెట్ మొదలగు పరీక్షలలో ఉత్తీర్ణుడు కావలయును. 2016 నుండి అమలైన 7వ వేతన సంఘపు పట్టికలో కేంద్రీయ విద్యాలయమునందలి ట్రెయిన్డు గ్రాడ్యుయేటు ఉపాధ్యాయునికి ఆరంభ మూలవేతనము నెలకు 44,900 రూపాయలు. విశ్వవిద్యాలయమునందలి సహాయాచార్యునికి 57,700 రూపాయలు. ఇవి గౌరవమైన జీతములే. కాని ఇట్టి ఉద్యోగములు కొన్నియే, అభ్యర్థులు వేలకొలది. ఈ త్రోవలలో పోవువానికి ఇంటరు ముగిసిన పిమ్మట 5 ఏండ్లు గడువనిదే వీనికి అర్హతయే లభింపదు.

ఇక ఋణము. భారతీయ బ్యాంకుల సంఘము రూపొందించిన మాదిరి విద్యాఋణ పథకము ప్రకారము 4 లక్షల రూపాయల వరకు విద్యార్థి తన వంతు సొమ్ము చూపనక్కరలేదు. 2015 లో ఏర్పడిన పూచీ నిధి వలన 7 లక్షల 50 వేల వరకు తాకట్టు అడుగరు. అయినను తల్లియో తండ్రియో విద్యార్థితో కూడ ఋణపత్రముపై చేవ్రాలు చేయవలయును. కావున బిడ్డ కట్టలేని వాయిదా పెద్దల నెత్తిన పడును. చదువు ముగిసిన 1 సంవత్సరమునకు, ఉద్యోగము దొరకినను దొరకకున్నను, వాయిదాలు ప్రారంభమగును. అంతవరకు బారువడ్డీ పెరుగుచునే యుండును.

ఒక ఉదాహరణము చూతము. బి.ఏ. చదువునకు ఏటేట సంవత్సరారంభమున 1 లక్ష చొప్పున 3 లక్షలు, నూటికి 10 వడ్డీతో తీసికొన్నట్లు భావింతము. 4వ ఏటి చివరకు మొదటి లక్షకు 40,000, రెండవదానికి 30,000, మూడవదానికి 20,000, వెరసి 90,000 వడ్డీ చేరి బాకీ 3,90,000 అగును. దీనిని 10 ఏండ్లలో తీర్పదలచినచో నెలకు సుమారు 5,154 రూపాయలు కట్టవలయును. మొత్తము 6,18,000 కు పైబడును. 5 ఏండ్లలో నైనచో నెలకు సుమారు 8,286. మొత్తము 4,97,000 కు పైగా. గడువు పెరిగిన కొలది నెలసరి భారము తగ్గును గాని మొత్తము భారము హెచ్చును. చదువుచున్న నాడే వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లించినచో అసలు 3 లక్షలే నిలుచును. అప్పుడు 10 ఏండ్ల వాయిదా నెలకు సుమారు 3,965 మాత్రమే.

చిక్కెక్కడనో ఇప్పుడు తెలియగలదు. ఈ ఋణమునకు వాయిదాలు 4వ ఏటి చివర మొదలగుచున్నవి, బి.ఎడ్. గాని ఎం.ఏ. గాని ముగియుట 5వ ఏటి చివర. పై చదువునకై బ్యాంకువారు గడువు పెంచినను వడ్డీ ఆగదు. ఆంగ్లపట్టమునకు ఆర్జనము ఆలస్యముగ వచ్చును, అప్పు ముందుగ వచ్చును.

ఇంగ్లండులో ఈ చిక్కును మరియొక రీతిగ సవరించిరి. అచట 2023 నుండి చేరిన విద్యార్థులు ఒక నిర్ణీత పరిమితిని మించిన ఆదాయములో నూటికి 9 వంతులు మాత్రమే ప్రభుత్వ ఋణమునకు చెల్లింతురు. జీతము అంతకు తక్కువైన నాడు వాయిదా లేదు. 40 ఏండ్లకు మిగిలిన బాకీ రద్దగును. మన బ్యాంకుల వాయిదా జీతమును చూచి పెరుగునది, తరుగునది కాదు. 4 లక్షల 50 వేల లోపు వార్షికాదాయము గల కుటుంబములకు చదువు కాలపు వడ్డీని ప్రభుత్వమే భరించు పథకము సాంకేతిక, వృత్తి విద్యలకు మాత్రమే వర్తించును. 2024 లో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ఎంపికైన విద్యాసంస్థలలో చేరినవారికే.

కావున మన విద్యార్థులు పాటింపదగినవి కొన్ని గలవు. బి.ఏ. పట్టమును ప్రభుత్వ కళాశాలలోనో, విద్యార్థివేతనముతోనో, వీలైనంత వరకు అప్పు లేకుండ సంపాదింపవలయును. నెట్ పరీక్షలో గాని, ఉపాధ్యాయ నియామకములో గాని, పట్టమునకు ఎంత సొమ్ము పోసితివని ఎవ్వరును అడుగరు. హైదరాబాదులో 1958 లో కేంద్ర ఆంగ్ల సంస్థగ వెలసి, 2007 లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము వంటివి మన చెంతనే యున్నవి. అప్పు తప్పనిచో, ఉద్యోగమునకు దగ్గరయైన చివరి మెట్టునకై చేయుట క్షేమము. చేవ్రాలు చేయుటకు ముందు, అదే పట్టముతో మన యూరి బడులలో, కార్యాలయములలో కొత్తగ చేరినవారికి నిజముగ చేతికి వచ్చుచున్న జీతమెంతయో విచారించి, అందులో తిండికి, బసకు పోగా మిగులునది వాయిదాకు చాలునో లేదో చూచుకొనవలయును.

సాహిత్యము చదివినవాడు చెడిపోవునను మాట నిజము కాదు. బుద్ధికి పదును, మాటకు పొందిక, ఇతరుల సుఖదుఃఖములను గ్రహించు శక్తి ఆ చదువు వలన కలుగును. చెరుపు చేయునది విషయము గాదు, దానిని కొన్న వెల. తక్కువ వెలకు దొరకిన చదువు ఆలస్యముగ ఫలించినను నష్టము లేదు. అప్పు లేని విద్యార్థి మంచి ఉద్యోగమునకై ఓపికతో వేచియుండగలడు. వాయిదా తరుముచున్నవాడు దొరకిన దానికి తల యొగ్గవలసినదే.