వార్తల్లో పదం: బాహ్య ప్రయోజనం

చేపలు ఎక్కడ దొరకొచ్చో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెబుతుంటుంది. ఆ సమాచారం చదివి అర్థం చేసుకునే కుర్రాడు నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె రేవులో ఒక్కడుంటే చాలు, పక్క పడవల వాళ్లకూ పని జరుగుతుంది. అతని పుస్తకాలకు డబ్బు పెట్టింది వాళ్ల నాన్న. లాభం మాత్రం రేవంతా పంచుకుంది. ఒకరి చదువు వల్లో, పని వల్లో ఇలా బయటివాళ్లకు దక్కే మేలే ‘బాహ్య ప్రయోజనం’. 1920లో ఆర్థర్ పిగూ తన పుస్తకంలో ఇలాంటి లెక్కలను వివరంగా చర్చించాడు. విద్యకు ప్రభుత్వం ఎందుకు ఖర్చుపెట్టాలన్న ప్రశ్న లేచినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది.

మాట పొడిపొడిగా ఉంది గానీ, దీని రుచి నెల్లూరు జిల్లాకు ఎప్పుడో తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ చదివారు. అది ఎవరి కథో వాళ్లకు వేరే చెప్పక్కర్లేకపోయింది. దూబగుంటలో రోసమ్మ, తోటి మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. మిగతా ఊళ్లూ అదే దారి పట్టాయి. 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే రెండోది సడలింది, అది వేరే కథ.

పలక పట్టని ఇళ్లకూ ఆ చదువు మేలు చేరింది. సారా ఆదాయం పోయిన ఖజానా మాత్రం దాన్ని నష్టం పద్దులో రాసుకుంది.