పగలు నూలు... రాత్రి ఉన్ని!
కొండెక్కే ముందు ఒంటిమీద బట్ట ఏదో చూసుకోండి

"ఈ ఆదివారం క్యాంపింగ్‌కి పోదాం" అని మా రూములో కుర్రాడు అన్నప్పుడు అందరం పకపకా నవ్వాం. "ఉండేదే క్యాంపుల గదరా తమ్మీ, మల్లా క్యాంపింగ్ ఏంది?" అన్నాడు కాక. ఆయన మా అందరిలో పెద్దవాడు. ఊళ్లో గొర్రెలు కాసి, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లుగా షట్టరింగ్ పని చేస్తున్నాడు.

నవ్వినా చివరికి బయల్దేరాం. ఎమిరేట్స్‌లో 2022లో వారాంతం మారింది. అప్పట్నుంచి మా కంపెనీలో ఆదివారం సెలవు. శనివారం డ్యూటీ దిగి, తెలిసినాయన బండిలో ఏడుగురం రస్ అల్ ఖైమా దాటి జబల్ జైస్ కొండల దారి పట్టాం. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు నలుగురు, గోదావరి జిల్లాల వాళ్లు ఇద్దరు, సిక్కోలు తమ్ముడొకడు. జనవరి నెల. కింద హాయిగా ఉంది. "ఇక్కడ చలేంటి, ఎడారి కదా!" అనుకున్నాం. ఆ మాటే కొంప ముంచింది.

ఆ రాత్రి ఏం జరిగింది?

దొరికింది వేసుకుని పోయాం. లోపల కాటన్ బనియన్, జీన్స్ ప్యాంటు, పైన పాలిస్టర్ ట్రాక్‌సూట్. కాళ్లకి సైట్‌లో వేసుకునే సేఫ్టీ బూట్లు. కాక ఒక్కడే ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఆయన్ని ఆటపట్టించాం.

బండి ఆపిన చోటు నుంచి రాళ్ల మీద గంటన్నర ఎక్కాం. చెమటకి బనియన్లు పిండితే నీళ్లు కారేలా తయారయ్యాయి. పైన కూర్చుని కబుర్లు చెప్పుకుంటుండగా పొద్దు వాలింది. గాలి లేచింది. అరగంటలో మా కుర్రాడి పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. జాకెట్ జిప్పు పెట్టుకోవడానికి వేళ్లు రావడం లేదు. ఏదో చెప్పబోయి మాట ముద్దగా వచ్చింది. మేము భయపడిపోయాం.

కాక ముందుగా వాడి తడి బనియన్ విప్పించాడు. పొడి తువ్వాలుతో ఒళ్లంతా అద్ది, గాలి తగలకుండా బండరాయి చాటుకి తీసుకుపోయి, గొంగడి రెండు మడతలు వేసి తల నుంచి కప్పాడు. మేము చక్కెర ఎక్కువేసి వేడి టీ పట్టించాం. ముప్పావు గంటకి వాడి మాట సరిగ్గా వచ్చింది. "కాకా, నీ గొంగడిని ఇంకెప్పుడూ ఎక్కిరియ్య" అన్నాడు. అప్పుడు గానీ మేము ఊపిరి పీల్చుకోలేదు.

అదే రాత్రి ఇంకో ముచ్చట. మంట దగ్గర చలి కాచుకుంటుంటే నిప్పురవ్వ ఎగిరి మాలో ఒకరి ట్రాక్‌సూట్ తొడ మీద పడింది. బట్ట కాలలేదు, కరిగింది! కరిగిన ముద్ద చర్మానికి అతుక్కుని పొక్కు లేచింది. ఇంకో రవ్వ గొంగడి మీద పడింది. కాక చేత్తో దులిపేశాడు. కాస్త వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, అంతే.

ఒకే కొండ, ఒకే చలి, ఒకే మంట. తేడా అంతా బట్టలోనే ఉంది.

ఎడారిలో చలి ఎక్కడిది?

ఎత్తుకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద రాత్రి 14 డిగ్రీలుంటే 1,200 మీటర్ల ఎత్తులో 6 డిగ్రీల దాకా దిగొచ్చు. దానికి గాలి తోడైతే ఇంకా చలిగా అనిపిస్తుంది. ఈ కొండల మీద 2004లోనూ, 2009లోనూ మంచు కూడా పడింది. ఎడారిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలిలో తేమ తక్కువ. అందుకే పగటి వేడి రాత్రికి నిలవదు.

తడిసిన నూలుని నమ్మొద్దు

నూలు బట్ట మంచిదే. కాకపోతే నీళ్లు తాగేస్తుంది, వదలదు. చెమటకి తడిసిన కాటన్ బనియన్ ఒంటికి అతుక్కుంటుంది. పోగుల మధ్య ఉండాల్సిన గాలి పోయి నీరు చేరుతుంది. గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైగా ఆ తడి ఆరడానికి కావాల్సిన వేడి కూడా మన ఒంట్లోంచే పోతుంది. మా కుర్రాడికి జరిగింది ఇదే. జీన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అదీ నూలే, పైగా మందం. తడిసిందంటే తెల్లారినా ఆరదు.

పగటి ఎండకి మాత్రం నూలే రాజు

ఆరబెట్టే పొడిగాలి ఉన్నచోట నూలుకి ఉన్న ఈ గుణమే వరం. తడి బట్ట మీద గాలి ఆడితే ఒళ్లు చల్లబడుతుంది. సైట్‌లో మధ్యాహ్నం తువ్వాలు తడిపి మెడకి చుట్టుకునే మనకి ఇది ఒకరు చెప్పాలా? కొండ ఎక్కేటప్పుడు వదులుగా ఉండే పొడుగు చేతుల కాటన్ చొక్కా, తల మీద తువ్వాలు ఉంటే చాలు. పొట్టి చేతుల టీషర్టు వేసుకుంటే చేతులు మాడతాయి. నార బట్ట, అంటే లినెన్, దొరికితే ఇంకా చల్లన.

వదులు అనే మాట గట్టిగా పట్టుకోండి. సినాయ్ ఎడారిలో బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని కొందరు శాస్త్రవేత్తలు కొలతలు తీసి 1980లో నేచర్ పత్రికలో రాశారు. నల్ల బట్ట ఎక్కువ వేడి పట్టింది నిజమే. కానీ అంగీ వదులుగా ఉండటంతో లోపల గాలి ఆడి ఆ వేడి బయటికే పోయింది. చర్మం దాకా చేరిన వేడి నల్ల అంగీలోనూ, తెల్ల అంగీలోనూ ఒకటే అని తేలింది. ఇక్కడి అరబ్బుల కందూరా ఎందుకంత వదులుగా ఉంటుందో ఇప్పుడు అర్థమైందా?

ఉన్ని గుట్టు

గొర్రె ఉన్ని పోగు సహజంగానే ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆ వంపుల మధ్య గాలి నిలుస్తుంది. ఆ గాలే వెచ్చదనం. తన బరువులో 30 శాతం దాకా తేమ పట్టినా ఉన్ని పైకి తడిగా తోచదు. బాగా తడిసినా నూలులా ఒంటికి అతుక్కుని చల్లార్చదు. పైగా వాసన తొందరగా పట్టదు. రెండు రోజులు అదే బట్టలో ఉండాల్సిన చోట అదెంత లాభమో ఎనిమిది మంది ఉండే రూములో పడుకునే మనకి తెలియదా!

మన గొంగడి ఈ విద్యనంతా ఎప్పుడో నేర్చింది. దక్కనీ నల్లగొర్రెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి, కురుమలు మగ్గం మీద నేస్తారు. వానొస్తే గొర్రెలు కాసేవాళ్లు దాన్నే తల మీదికి మడిచి కప్పుకుంటారు. రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి. ముతక ఉన్ని కాబట్టి గుచ్చుకుంటుంది, బరువు కూడా ఎక్కువే. అందుకే లోపల పొడి కాటన్ చొక్కా వేసుకుని పైన కప్పుకోవాలి. మెరీనో అనే జాతి గొర్రెల ఉన్ని సన్నగా ఉంటుంది. ఒంటికి ఆనించి వేసుకున్నా గుచ్చుకోదు. ధర మాత్రం మండుతుంది.

ఈ గడ్డ మీది వాళ్లకీ ఉన్ని కొత్త కాదు. బెదూయిన్లు గొర్రె ఉన్ని, మేక వెంట్రుకలు, ఒంటె వెంట్రుకలతో గుడారాలు, దుప్పట్లు నేసుకునేవాళ్లు. ఎమిరేట్స్ ఆడవాళ్ల ఆ నేత పేరు సదూ. 2011లో యునెస్కో దాన్ని వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మన గొంగడికీ ఈ సదూకీ చుట్టరికం ఉందని మాకనిపిస్తుంది. రెండూ మంద వెంట తిరిగిన మనుషుల నేతలే కదా!

ఇంకా పెద్ద కొండ సంగతి వినండి. 1924లో జార్జ్ మలోరీ ఎవరెస్ట్ ఎక్కబోయినప్పుడు వేసుకున్నది పట్టు, నూలు, ఉన్ని బట్టలే. పల్చటివి ఒకదాని మీద ఒకటి, గాలికి అడ్డంగా పైన దట్టంగా నేసిన గాబర్డిన్ కోటు. ఆయన దేహం 1999లో దొరికాక, ఆ బట్టల ముక్కలు చూసి అచ్చం అలాంటివే కుట్టించి 2006లో ఎవరెస్ట్ మీద వేసుకుని చూశారు. బాగానే పనిచేశాయి. ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఎక్కేటప్పుడు ఒకటి విప్పొచ్చు, కూర్చున్నప్పుడు ఒకటి వేసుకోవచ్చు.

చెప్పేది మనమే, మరిచేది మనమే

మాలో ఇద్దరం డిప్లొమా చదివి సూపర్‌వైజర్లుగా చేస్తున్నాం. పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో వెల్డర్లకి ఏం చెప్తాం? "లోపల పాలిస్టర్ వేసుకోవద్దు, రవ్వ పడితే కరిగి అతుక్కుంటుంది" అనే కదా! అదే మేము కొండ మీద మంట ముందు ట్రాక్‌సూట్‌తో కూర్చున్నాం. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉన్ని దాదాపు 570 డిగ్రీలు దాటితే గానీ అంటుకోదు, మంట తీసేస్తే తనంతట తనే ఆరిపోతుంది. నూలు కరగదు గానీ త్వరగా అంటుకుంటుంది. కాబట్టి జారే లుంగీతో, వేలాడే తువ్వాలుతో మంట దగ్గరికి పోవద్దు.

ఇంకో మాట... చలి అని బొగ్గుల కుంపటి గుడారంలోకో, అద్దాలు మూసిన బండిలోకో తేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఒంటి మీద సరైన ఉన్ని ఉంటే కుంపటితో పనే పడదు.

కొనేటప్పుడు మోసపోకండి

చూడ్డానికి ఉన్నిలా ఉన్న స్వెట్టర్లు చాలావరకు ఆక్రిలిక్‌వే. లోపల కుట్టిన చీటీ చదవండి. సైట్‌లో ఇచ్చే కవరాల్ చాలాచోట్ల 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్. అది కాటన్ బట్ట అనుకోవద్దు.

చీటీ లేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అంచు నుంచి ఒక పోగు లాగి ఆరుబయట, పక్కన నీళ్లు పెట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద వస్తే నూలు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే నల్ల గుండు మిగిలితే ఉన్ని లేదా పట్టు. కరిగి గట్టి పూస కడితే పాలిస్టర్ లాంటిదే. క్యాంపు రూములో మాత్రం ఈ పని చేయొద్దు.

మెరీనో కొనే స్తోమత అందరికీ ఉండదు. మేము పాత బట్టల దుకాణంలో వెతికి ఉన్ని స్వెట్టర్లు తెచ్చుకున్నాం. ఇంటికి పోయినప్పుడు గొంగడి తెచ్చుకోండి. సిక్కోలు తమ్ముడు ఈసారి పొందూరు ఖద్దరు చొక్కాలు తెచ్చాడు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని వాడు చెబితే ఇక్కడ చాలామంది నోరెళ్లబెట్టారు. ఉన్నిని వేడినీళ్ల మెషిన్‌లో వేశారో, మీ స్వెట్టర్ చంటిపిల్లాడికి సరిపోతుంది! చన్నీళ్లలో మెల్లగా జాడించి, పిండకుండా నీడన పరిచి ఆరేయండి.

వేరే దేశాల్లో ఉన్నవాళ్లకి

మలేషియాలో గాలి నిండా తేమ. అక్కడ చెమటకి తడిసిన నూలు ఆరదు. 4,095 మీటర్ల కినబాలు కొండకి పోయేవాళ్లు కింద అడవిలో తడిసిన బట్టతో పైకి పోవద్దు. పైన మార్చుకోవడానికి పొడి జత, ఉన్ని స్వెట్టర్ సంచిలో ఉండాలి. బ్రిటన్ కొండల మీద ఎండాకాలంలో కూడా చల్లటి వాన పట్టుకుంటుంది. అక్కడ ఒంటికి ఆనే బట్ట ఉన్ని అయితేనే మంచిది. పైన మాత్రం వాన ఆపే నైలాన్ కోటు ఉండాల్సిందే. ఆ ఒక్కచోట మిల్లు బట్టకే మా ఓటు. మంట దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని విప్పి పక్కన పెట్టండి.

సంచి సర్దుకునే ముందు...

- ఎక్కడానికి: వదులైన పొడుగు చేతుల కాటన్ చొక్కా, పల్చటి కాటన్ ప్యాంటు. జీన్స్ వద్దు.
- మార్చుకోవడానికి: పొడి బనియన్, పొడి చొక్కా. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి. పైకి చేరగానే, చలి మొదలవకముందే మార్చుకోండి.
- రాత్రికి: ఉన్ని స్వెట్టర్, మంకీ క్యాప్, గొంగడి లేదా ఉన్ని దుప్పటి.
- కాళ్లకి: ఉన్ని మేజోళ్లు రెండు జతలు. తడిసిన కాటన్ మేజోళ్లతో నడిస్తే పొక్కులు లేస్తాయి. ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు బరువు, చలికి వేళ్లు కొరికేస్తాయి.
- రెండు తువ్వాళ్లు: ఒకటి తలకి, ఒకటి పొడిగా దాచుకోవడానికి.
- ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా తడి బట్ట విప్పించి పొడిగా కప్పండి. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది మంచి గుర్తు కాదు. ఆలస్యం చేయకండి. ఎమిరేట్స్‌లో అంబులెన్స్ 998, పోలీస్ 999.

ఆ తర్వాత మేము ఇంకో నాలుగుసార్లు కొండెక్కాం. ఇప్పుడు బండి ఎక్కే ముందు కాక ఒక్కొక్కరి సంచి విప్పించి చూస్తాడు. సైట్‌లో మేము ఆయన హెల్మెట్ తనిఖీ చేస్తాం. ఆదివారం ఆయన మా బట్టలు తనిఖీ చేస్తాడు. పొడి బనియన్ లేనివాణ్ని బండి ఎక్కనివ్వడు.

ఇంటి దగ్గర మన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. ఆరు రోజులు సైట్‌లో జాగ్రత్తగా పనిచేసి, ఏడో రోజు సరదాగా పోయిన చోట ఒక తడి బనియన్ వల్ల ప్రాణం మీదికి తెచ్చుకుంటామా? పోయి రండి, కొండ గాలి పీల్చి రండి. పోయేముందు మాత్రం చొక్కా మెడ దగ్గర చీటీ ఒక్కసారి చదవండి.

- రస్ అల్ ఖైమా నుంచి ఓ సైట్ సూపర్‌వైజర్, రూమ్‌మేట్లు